నేల వాలు

బండి సందు మలుపు తిరగకముందే దాని గొంతు షెడ్డులోకి వచ్చేసింది. ఇంజను పైకి పైకి కేకవేస్తోంది. చక్రాలు ఆ కేకను వినిపించుకోవడం లేదు. పిలుపు ఒకచోట, కదలిక మరొకచోట. ఆ రెంటి నడుమ ఖాళీ ఎంతో గేర్‌బాక్సు మెకానిక్కు చెవితోనే కొలవగలడు. కానీ ఆ పూట కొలవాలనిపించలేదు. చేతిలో స్పానరుతో సహా, తనకు ఏ పనీ లేని ఒక వ్యాను కిందికి చప్పున దూరాడు.

"ఏమోయ్ డాక్టరూ!" పక్క షెడ్డు నుంచి వెల్డింగు మామ అరిచాడు. "నీ పేషెంటు వస్తోంది. దగ్గు ఇక్కడికే వినపడుతోంది."

వ్యాను కింద మెకానిక్కు ఇంకొంచెం లోపలికి జరిగాడు.

"దాక్కుంటే మాత్రం? కాళ్ళు బయటే ఉన్నాయి నీవి."

మెకానిక్కు కాళ్ళు లోపలికి ముడుచుకున్నాడు. ముడుచుకున్న తర్వాతే, తానేం చేశాడో అతనికి అర్థమైంది. వస్తున్నది పోలీసు కాదు, పోట్లాటకు వచ్చే గిరాకీ కాదు. అక్క.

ఆ పికప్పును ఏరి కొనిపెట్టింది అతడే. అంతకుముందు ఆమె దగ్గర క్లచ్చున్న పాత వ్యాను ఉండేది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ నుంచి కొండమీది ఆస్పత్రికి రోజూ మూటలు మోసే పని ఆమెది. ఆ ఎక్కుడు రోడ్డు మీద క్లచ్చు తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగింది. సాయంత్రం ఇంటికి వచ్చి మెట్లెక్కేటప్పుడు రెయిలింగు పట్టుకునేది. ఎవరైనా చూస్తే రెయిలింగు దుమ్ము తుడుస్తున్నట్టు నటించేది. ఒకసారి ఆ నటన తమ్ముడి కంట పడింది.

"క్లచ్చు లేని బండి తీసుకుందాం అక్కా. గేర్లు వాటంతట అవే పడతాయి. నీ ఎడమకాలికి ఇక సెలవు."

పాత బండ్లు అమ్మే చోట అతడు ఆ పికప్పు చుట్టూ తిరిగాడు, కింద పడుకున్నాడు, బానెట్టుకు చెవి ఆనించాడు, గేరు మార్చి మార్చి చూశాడు. లేచి, చేతులు దులుపుకుని, "కళ్ళు మూసుకుని కొనుక్కో. నేనున్నాను" అన్నాడు. ఆమె నిజంగానే కళ్ళు మూసుకుని, పకపక నవ్వుతూ, తాళం కోసం చెయ్యి చాచింది.

ఆ బండి కొండ దగ్గర, ఇంజను తిరుగుతున్నా చక్రాలకు బలం అందక, జారడం మొదలుపెట్టింది.

మొదటిసారి అతడు తేలిగ్గా తీసుకున్నాడు. పాత బండి, పాత నూనె, మారిస్తే సరి. మార్చాడు, ఫిల్టరు కూడా కొత్తది వేశాడు. సందుల్లో తిప్పి చూస్తే వెన్నలా నడిచింది. మూటలు నింపుకుని కొండెక్కబోతే మళ్ళీ జారింది. రెండోసారి స్కానరు తగిలించాడు. ఇంజను తిరిగే వేగానికీ చక్రం తిరిగే వేగానికీ పొత్తు కుదరడం లేదని అది చెప్పింది. ఎందుకు కుదరడం లేదో చెప్పలేదు. నూనె ఒత్తిడిని నడిపే వాల్వును అనుమానించి, దాన్ని మార్చాడు. మళ్ళీ వెన్న, మళ్ళీ కొండ, మళ్ళీ జారుడు. మూడోసారి గేర్‌బాక్సునే కిందికి దింపి, విప్పి, ముక్క ముక్కనూ గోనెపట్టా మీద వరుసగా పేర్చాడు. నూనె ఒత్తిడితో బిగిసే లోపలి ప్లేట్లు కొంచెం మాడి ఉన్నాయి. మాడింది జారడం వల్ల. మరి జారింది దేనివల్ల? ఆ ప్రశ్నను మాడిన ప్లేట్లతో పాటు మూలకు విసిరేసి, కొత్తవి వేసి, మూత బిగించాడు.

ఏ మరమ్మతు చేసినా చివరి పని మాత్రం ఒక్కటే. బండిని షెడ్డులోనే నిలిపి, ఇంజను వేడెక్కనిచ్చి, గేరునూనె మట్టం చూపే సన్నని ఉక్కు పుల్లను, డిప్‌స్టిక్కును, లాగి తుడిచి మళ్ళీ దించి మళ్ళీ లాగి చూడటం. నూనె పుల్లమీది గీతను ముట్టేవరకూ పోయడం. ప్రతిసారీ నూనె గీతను ముట్టేది. ప్రతిసారీ అతడు బానెట్టు మూసేవాడు. చిన్న కార్లయితే లిఫ్టు మీదికి ఎక్కేవి. పికప్పు పొడుగు లిఫ్టుకు పట్టదు కనుక, దాని వైద్యమంతా నేలమీదే జరిగేది.

ఆ నేల గురించి ఒక మాట చెప్పాలి. అది బావ వేసిన నేల. అక్క మొగుడు తాపీమేస్త్రీ. బామ్మర్ది సొంత షెడ్డు పెడుతున్నాడని పని మానుకుని వచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ, అద్దంలా సిమెంటు చేశాడు. "బావా, నీళ్ళు మాత్రం నిలవకూడదు" అని మెకానిక్కు అడిగాడు. నిలవలేదు. వాకిట్లో చెంబెడు నీళ్ళు పోస్తే, కంటికి ఆనని వాలు మీద అవి బుద్ధిగా నడుచుకుంటూ వెనక గోడవారనున్న కాలువలోకి దిగేవి. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా బావ ముందుగా ఆ నీళ్ళ నడకే చూపించేవాడు.

మూడో మరమ్మతు తర్వాత కూడా బండి జారిందని అక్క వచ్చి చెప్పిన రోజు, సరిగ్గా టీ వేళ. షెడ్ల వాళ్ళందరూ వాకిట్లో చేరారు. వెల్డింగు మామ ఉన్నాడు, టైర్ల పెద్దాయన ఉన్నాడు. అందరి కళ్ళూ మెకానిక్కు మీదే ఉన్నాయి. ఆ చూపుల్లో ఒక్కటే ప్రశ్న: నీకు ఈ పని వచ్చా?

అప్పుడు అతని నోటివెంట ఆ మాట వచ్చింది.

"బండిలో ఏమీ లేదు. నీ ఎడమకాలే అసలు రోగం! ఇన్నేళ్ళు క్లచ్చు తొక్కిన కాలు ఊరుకుంటుందా? లేని క్లచ్చు కోసం వెతుక్కుంటూ బ్రేకు మీద పడుతోంది. బండెక్కగానే ఆ కాలు సీటుకి కట్టేసుకో అక్కా, పీడా పోతుంది!"

అందరూ నవ్వారు. వెల్డింగు మామ టీ పొరబోయేదాకా నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఎడమపాదాన్ని కుడిపాదం వెనక్కి లాక్కుంది.

ఆ పాదం లాక్కోవడం అతడు చూశాడు. చూసి, టీ గ్లాసులోకి చూపు దించుకున్నాడు.

*

"తమ్ముడూ."

వ్యాను పక్కన ఆమె చెప్పులు కనిపించాయి.

"ఆఁ... అక్కా! ఎప్పుడొచ్చావ్?"

"నువ్వు కాళ్ళు ముడుచుకున్నప్పుడు."

అతడు పాకి బయటికి వచ్చాడు. ముఖానికి అంటిన మసి మేలే చేసింది. కింద రంగు మారడం కనిపించలేదు.

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

"కొండ దగ్గరేనా?"

"సగం ఎక్కాక. ఇంజను రేజవుతోంది గానీ బండి కదలదు. వెనకాల అంబులెన్సు." ఆమె అరచేతిని కొంగుకు తుడుచుకుంది. చేతికి ఏమీ అంటి లేదు. "హారను కొడుతూనే ఉన్నాడు. లోపల ఎవరున్నారో ఏమో. దారినపోయేవాళ్ళు దిగొచ్చి బండిని పక్కకి నెట్టారు. నేను స్టీరింగు పట్టుకుని కూచున్నాను, బొమ్మలాగా."

"అక్కా, నేనొకసారి..."

"వద్దులే. లాండ్రీ అమ్మగారు మంచావిడ. తిట్టలేదు. 'రేపొక్క పూట చూస్తాను, మళ్ళీ ఆగితే వేరే బండి పెట్టుకుంటాను, నువ్వు లోపల మడతబల్ల దగ్గరికి వచ్చెయ్' అంది. రేపటిదాకా ఎందుకని నేనే ఒప్పేసుకున్నాను."

"ఏం ఒప్పుకున్నావ్?"

"బండి తోలడం మానేస్తానని."

తాళాన్ని ఆమె పనిబల్ల మీద, నట్ల డబ్బా పక్కన పెట్టింది. అది జారిపోతుందేమోనన్నట్టు ఒక క్షణం వేలు దానిమీదే ఉంచింది.

"దీన్ని నువ్వే ఎవరికైనా ఇప్పించెయ్. నా కాలికి పాత బుద్ధి పోలేదు, అంతే. కుదురున్న కాలు దొరికితే మంచి బండేరా, పాపం."

ఆమె ఆ మాట కొంచెం గట్టిగా, పక్క షెడ్డుకు వినపడేటట్టు అన్నది. వెల్డింగు మామ నిప్పురవ్వల వెనక నుంచి తల ఊపాడు.

మెకానిక్కు ఒంట్లో ఏదో బిగువు సడలింది. బండి పోతుంది. జారుడు పోతుంది. రేపటి నుంచి ఈ సందులో ఆ గొంతు వినపడదు. తేలిక పడిన ఆ ఊపిరి పూర్తిగా బయటికి రాకముందే అదేమిటో అతనికి తెలిసింది. అక్క చేతిలోని రోడ్డు జారిపోతుంటే, తనకు హాయిగా ఉంది.

బ్యాగు భుజాన వేసుకుని ఆమె బస్సు కోసం నడిచింది. ఎడమకాలు కొద్దిగా ఈడ్చుకుంటూ.

*

బండిని లోపలికి పెడదామని ఎక్కాడు. కాళ్ళు పట్టక సీటును వెనక్కి జరిపితే, ఏదో అడ్డుపడి ఆగింది. కిందికి వంగి చెయ్యి పెట్టాడు. గుడ్డ తగిలింది.

సీటు కింది ఇనుప పట్టీకి కట్టి ఉంది. ఆస్పత్రి దుప్పటి అంచు. నీలం గీత ఇంకా పోలేదు. చిరిగిన దుప్పట్లను లాండ్రీలో పేలికలు చేస్తారు, వాటిలో ఒకటి. ఒక కొస పట్టీకి ముడి, రెండో కొస ఉచ్చులా వదులుగా, చీలమండ పట్టేంత. ఉచ్చు లోపలి వైపు నున్నగా అరిగి, చెమట పట్టి, నల్లబారింది. ఒకరోజు కట్టిన గుడ్డ అలా కాదు.

కట్టేసుకో అక్కా, పీడా పోతుంది.

ఆమె కట్టేసుకుంది.

అతని చేతులు స్టీరింగు మీద ఉండిపోయాయి. రోజూ మూటలు ఎక్కించి, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, వంగి, తన కాలిని తానే కట్టేసుకునే అక్క కళ్ళ ముందు కదిలింది. అరిగిన మోకాలితో వంగడం ఎంత కష్టం. అది చాలనట్టు, ఇంకొక ఆలోచన దాని వెనకే వచ్చి నిలబడింది.

కాలు కట్టేసి ఉండగానే బండి జారింది. అంటే రోగం కాలిది కాదని ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలిసే, ఇందాక వెల్డింగు మామకు వినపడేటట్టు, 'నా కాలికి పాత బుద్ధి' అన్నది.

తమ్ముడికి పని రాదని నలుగురూ అనకూడదని, తన కాలిని వాళ్ళ నోటికి అప్పగించి వెళ్ళింది.

అతనికి బండి దిగాలనిపించలేదు. దిగితే ఎవరో ఒకరి ముఖం చూడాలి. తాళం తిప్పి, బండిని వెనక్కి తీసి, సందులోకి పోనిచ్చాడు.

"ఎక్కడికోయ్?" అని మామ అరిచాడు.

"కొండకి."

"ఉత్త బండితోనా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. నిజమే, ఎప్పుడూ ఉత్త బండినే, ఎప్పుడూ చదునుసందుల్లోనే తిప్పి చూశాడు. వెనక్కి వచ్చి, పాత గేర్‌బాక్సులూ తుక్కు ఇనుమూ వెనకభాగం నిండా ఎక్కించాడు. మామ కూడా ఓ చెయ్యి వేశాడు, ఎందుకని అడగకుండా.

కొండరోడ్డు మొదట్లో బండి బాగానే లాగింది. ముందుభాగం ఆకాశం వైపు లేచే చోట, ఆస్పత్రి గేటు పైన కనిపిస్తూ ఉండగా, ఇంజను ఒక్కసారి కేకవేసింది. కాలి కింద ఉన్నదేదో ఊడిపోయినట్టు అనిపించింది. యాక్సిలరేటరు తొక్కినకొద్దీ శబ్దమే, బండి నిలబడిపోయింది. వెనక బస్సు. బస్సు వెనక మరేవో. హారన్లన్నీ ఒకదాన్నొకటి అందుకున్నాయి.

"ఏం బాబూ, తోలడం రాదా?" బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "కాళ్ళు ఎక్కడ పెట్టావ్? ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

బస్సులో వాళ్ళు నవ్వారు. తన రెండు కాళ్ళూ ఉండవలసిన చోటే ఉన్నాయి. అయినా అతడు కిందికి వంగి తన పాదాల వైపు చూసుకున్నాడు. చూసుకున్నాక తెలిసింది, అక్క రోజూ ఇలాగే చూసుకుని ఉంటుందని.

మెల్లగా వెనక్కి జారనిచ్చి, బస్సును పోనిచ్చి, కొండ పాదం దగ్గర చదునుగా ఉన్న చోట పక్కకు ఆపాడు. ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు చేతులు అలవాటైన పని వెతుక్కుంటాయి. ఇంజను ఆపకుండానే దిగి, బానెట్టెత్తి, డిప్‌స్టిక్కు లాగి, తుడిచి, దించి, మళ్ళీ లాగాడు.

నూనె గీతకు చాలా కింద, పుల్ల కొసను మాత్రం తడిపింది.

మళ్ళీ తుడిచాడు. మళ్ళీ దించాడు. అదే. బండి కిందికి పాకి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. మూడో మరమ్మతు చివర షెడ్డులో తానే చూశాడు, నిండుగా ఉంది. కారని నూనె ఎక్కడికి పోయింది?

షెడ్డుకు తిరిగొచ్చాడు. రోజూ పెట్టినట్టే ముక్కు లోపలికి, తోక వాకిటికి పెట్టి, ఇంజను ఆపకుండా, మళ్ళీ లాగి చూశాడు.

నిండుగా. గీతను ముట్టుకుని, ఎర్రగా, మెరుస్తూ.

అతడు ఆ పుల్లను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాకిట్లో వెల్డింగు మామ మొహం కడుక్కుంటున్నాడు. మగ్గులో మిగిలిన నీళ్ళను అలవాటుగా నేలమీదికి విసిరాడు. ఆ నీళ్ళు గడప దాటి, పికప్పు వెనకచక్రాల మధ్య దూరి, ముందుచక్రాల వైపు నడిచి, అతని చెప్పులను తడిపి, బుద్ధిగా, బావ నేర్పినట్టే, గోడవారకు పోయాయి.

మెకానిక్కు చెప్పుల కింది తడిని చూశాడు. పుల్లను చూశాడు.

నీళ్ళు నడిచే నేలమీద నూనె మాత్రం నిలబడుతుందా? బండి ముక్కు పల్లంలో ఉంటే లోపలి నూనెంతా ముందుకు, పుల్ల ఉన్న వైపుకే చేరుతుంది. తక్కువే అయినా నిండినట్టు కనపడుతుంది. అదే బండి కొండెక్కితే ముక్కు పైకి లేస్తుంది. ఆ కాస్త నూనే వెనక్కి పోతుంది. ముందువైపు నూనె పీల్చే గొట్టానికి గాలి దొరుకుతుంది. గాలితో ప్లేట్లు బిగవవు. బండి జారుతుంది. ప్రతిసారీ అతడు తక్కువ నూనె పోశాడు, ప్రతిసారీ నిండిందనుకున్నాడు. చదును మీద చూడాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. నేర్చుకున్న పెద్ద వర్క్‌షాపులో నేల అంతటా చదునే గనుక, ఆ పాఠాన్ని గుర్తుంచుకోవలసిన అవసరమే అతనికి రాలేదు.

నూనె డబ్బా పనిబల్ల కిందే ఉంది. బండిని సందులో చదును మీదికి తీసి, తక్కువైనంత పోసి, మూసేస్తే అయిపోతుంది. 'లోపల చిన్న వాల్వు ఒకటి పోయిందక్కా, ఇప్పుడే దొరికింది' అంటే అక్క నమ్ముతుంది. నమ్మకపోయినా నమ్మినట్టు ఉంటుంది. ఆమెకది చేతనవును. మామకు తెలియదు, బావకు తెలియదు. అబద్ధం ముక్కలు ముక్కలుగా కాక, పూర్తిగా, అమర్చిపెట్టినట్టు అతని నోట్లోకి వచ్చింది. ఎంత సులువుగా వచ్చిందో చూసి అతడు భయపడ్డాడు.

డబ్బా మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

ఫోను తీశాడు. "అక్కా, టీ వేళకి ఒకసారి షెడ్డుకి రా. బావని కూడా తీసుకురా."

"ఎందుకురా? తాళం ఇచ్చేశానుగా."

"అందుకే రా."

*

టీ గ్లాసులు చేతుల్లోకి వచ్చేసరికి అందరూ ఉన్నారు. బావ పనిలోంచి నేరుగా వచ్చాడు, కనుబొమల మీద సిమెంటుతో. అక్క మాత్రం లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడింది.

మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

"ఏంటోయ్, ఉపన్యాసమా?" అన్నాడు మామ.

"ఆ రోజు ఇక్కడే అన్నాను. అక్క ఎడమకాలి వల్ల బండి జారుతోందని." ముఖం నేలవైపే ఉంది. "కాలిది కాదు. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. అక్క గబగబా అందుకుంది: "ఇప్పుడదంతా ఎందుకురా? పాత బండి, ఏదో ఒకటి ఉంటుంది..."

"ఉండు అక్కా. నన్ను చెప్పనీ."

షెడ్డులోనే డిప్‌స్టిక్కు లాగి అందరికీ చూపించాడు, నిండుగా ఉంది. బండిని వెనక్కి తీసి, సందులో చదును మీద నిలిపి, మళ్ళీ లాగాడు. కొస మాత్రమే తడి. టైర్ల పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశాడు. అప్పుడు మెకానిక్కు ఒక మగ్గు నీళ్ళు గడప మీద పోశాడు. అందరూ వాటి నడకను చివరిదాకా చూశారు.

"ఓరి నీ..." అని మొదలుపెట్టి, అక్క ఉందని గుర్తొచ్చి, వెల్డింగు మామ మిగతాది మింగాడు. "అంటే ఇన్నాళ్ళూ వాలులో పెట్టి చూశావా?"

"వాలులో పెట్టే చూశాను."

"గేర్‌బాక్సు దింపేశావు కదయ్యా, నేల చూసుకోకుండా!"

"దింపేశాను మామా."

బావ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ముఖం ముడుచుకుంది. "అయితే ఇప్పుడు నా నేల మీద పెట్టావా? నీళ్ళు నిలవకూడదన్నావు బామ్మర్దీ. నిలిచాయా? చుక్క నిలిచిందా? చూపించు."

"నీ నేలని ఎవరూ ఏమీ అనలేదు, కూచో" అన్నది అక్క. "నిక్షేపంలా ఉంది నీ నేల."

"మరి అందరూ దాన్నే చూస్తున్నారేం?"

ఈసారి కొద్దిగా నవ్వు పుట్టింది. కానీ అది మెకానిక్కు దాకా రాలేదు. వెల్డింగు మామ లేచి, గ్లాసు కడగడానికి వెళ్తూ, అక్క ముందు ఆగాడు. "ఆ రోజు నేనే ఎక్కువ నవ్వానమ్మా" అన్నాడు. ఆమె తల మాత్రం ఊపింది.

అందరూ ఎవరి షెడ్లకు వాళ్ళు సర్దుకున్నాక, ఆమె బండి దగ్గరికి వచ్చింది. తలుపు తెరిచి, సీటు వైపు చూసింది. సీటు వెనక్కి జరిగి ఉంది. ఆమె చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.

"చూశావా?"

"చూశాను."

ఆమె ముఖం ఎర్రబడింది. తప్పు దొరికింది అతనిదైనా, పట్టుబడ్డది ఆమె అన్నట్టు ఉంది. "అదేదో సరదాకి..." అంది. పూర్తిచేయలేకపోయింది.

"విప్పెయ్యనా అక్కా?"

"ముట్టుకోకు."

గద్దించినట్టు అంది. తమ్ముడితో ఆ గొంతుతో ఆమె మాట్లాడి చాలా కాలమైంది. వంగి, మోకాలు పట్టేస్తే ఒకసారి నిటారుగా లేచి, మళ్ళీ వంగి, తానే విప్పింది. ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్ళతో, తర్వాత పళ్ళతో లాగింది. అతడు పక్కనే చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. అన్ని ముడులూ బిగింపులూ విప్పడమే బతుకుగా ఉన్న ఆ చేతులు అంత పనికిరానివిగా ఎప్పుడూ లేవు.

అతడు మాత్రం ఆ గుడ్డ సంగతి ఎవరికీ చెప్పలేదు. తన సంగతి వరకే చెప్పాడు. అది ఆమెకూ తెలుసు. అందుకేనేమో, వెళ్ళేటప్పుడు, అతడు మళ్ళీ పనిబల్ల మీద పెట్టిన తాళం తీసుకుంది.

*

తెల్లవారి, మూటలు నింపుకున్న బండి కొండ పాదం దగ్గర చదును మీద ఆగింది. ముందు సాయంత్రమే అతడు సందులో చదును మీద నూనె పోసి పెట్టాడు. మెకానిక్కు ఆమె పక్కసీట్లో కూర్చుని వచ్చాడు. లాండ్రీ అమ్మగారు ముందన్నట్టే ఆ ఒక్క పూటా అక్కకు ఇచ్చింది.

"ఇంజను ఆపకు" అన్నాడు దిగుతూ. "నేను చూస్తాను, సరిపోయిందో లేదో."

"నువ్వు చూడకు. ఎలా చూడాలో చెప్పు."

అతడు చెప్పాడు. ఆమె దిగి, బానెట్టెత్తి, డిప్‌స్టిక్కు లాగింది. తుడవడానికి గుడ్డ కోసం అతడు జేబు తడుముకుంటుంటే, ఆమె తన బ్యాగులోంచి నీలం అంచు పేలిక తీసింది. తుడిచింది. దించింది. లాగింది. పుల్లను అడ్డంగా, కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ చూసింది.

"నిండా ఉంది కదక్కా?"

"చూస్తున్నానుగా. ఆ రోజు కళ్ళు మూసుకుని కొన్నాను. ఇకమీదట రోజూ ఇక్కడ ఆపి, కళ్ళు తెరిచి చూసుకుంటాను."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నేనున్నాను అని అనడానికి అతని దగ్గర ఇక మాట మిగల్లేదు. ఆ మాట అతడే ఖర్చుచేసుకున్నాడు.

ఆమె బండెక్కింది. అతడు అటువైపు తలుపు తెరవబోయాడు.

"నువ్వెక్కకు."

"ఎందుకు?"

"నువ్వుంటే నా కాలు చూస్తావు."

కిటికీలోంచి ఆ పేలికను అతని చేతిలో పెట్టింది. "ఇది ఉతికి, సాయంత్రం ఇంటికి పట్రా. రోజూ కావాలి నాకు. లాండ్రీలో వేస్తే ఇదేంటని అడుగుతారు."

బండి కదిలింది. అతడు రోడ్డు పక్కన నిలబడి విన్నాడు. మొదటి మలుపు. ముక్కు పైకి లేచే చోటు. ఇంజను గొంతు పెంచింది. ఆ గొంతుతో పాటే బండి ముందుకు పోయింది. ఆస్పత్రి గేటు దాటేదాకా అతడు కదల్లేదు.

షెడ్లకు ఇంకా ఎవరూ రాలేదు. కుళాయి కింద పేలికను తడిపి, సబ్బు రాసి, రెండు చేతులతో నలిపాడు. మసి వదిలింది. చెమట నలుపు వదిలింది. ఎర్రనూనె మరక పల్చబడింది గానీ పూర్తిగా పోలేదు. ముడి పడ్డ చోట బట్ట ముడతలు పడి, ఎంత సాగదీసినా మళ్ళీ ముడుచుకుంటోంది. అతని చేతుల్లోంచి కారిన సబ్బునీళ్ళు నేలమీద పడి, అతని పాదాల పక్కగా, ఆగకుండా, గోడవైపు నడుస్తున్నాయి.

పక్క షెడ్డు రేకు తలుపు గరగరమంటూ లేచింది. "ఏంటోయ్ పొద్దున్నే బట్టలుతుకుతున్నావ్?" మామ గొంతు.

"గుడ్డ మామా. అక్కది" అన్నాడు. ఇంకేమీ చెప్పకుండా, దాన్ని లోపలికి తీసుకువెళ్ళి, బయటికి కనపడని మూల ఆరేశాడు.